జీతం కౌంటీది, విజిల్ ఎవరిది? కెన్యా కౌంటీల ట్రాఫిక్ మార్షల్స్ మీద ఒక కేస్ స్టడీ

నైరోబీలో పొద్దున ఏడున్నర వేళ పెద్ద రౌండ్‌అబౌట్ల దగ్గర తరచూ కనిపించే దృశ్యం ఒకటుంది. సిగ్నల్ లైటు ఎర్రగా వెలుగుతుంటుంది, దాని కింద పోలీసు మాత్రం చెయ్యి ఊపి బండ్లను వదులుతుంటాడు. డ్రైవర్లు లైటు సంగతి పట్టించుకోరు, ఆ చేతినే చూస్తారు. ఆ చేతికి చట్టబలం ఉంది కాబట్టి వాళ్లు చేసేది తప్పేమీ కాదు.

ఇప్పుడు ఆ పోలీసును పక్కకు తప్పించి, అదే చోట కౌంటీ, అంటే జిల్లాలాంటి స్థానిక ప్రభుత్వం, జీతం తీసుకునే మనిషికి మెరిసే జాకెట్ తొడిగి, విజిల్ ఇచ్చి నిలబెట్టామనుకోండి. మటాటు డ్రైవరు, అంటే మన షేర్ ఆటో, మినీ బస్సు కలిపితే ఎలా ఉంటుందో అలాంటి బండి నడిపేవాడు, ఆగాలా? ఆగకుండా పోతే ఏ కేసు పెడతారు?

ఇలాంటి మనుషులను, అంటే ట్రాఫిక్ మార్షల్స్‌ను, పెట్టుకునే ఫైలు ఎవరి బల్ల మీదికి వచ్చినా మొదట చేయాల్సిన పని, కలిసిపోయిన రెండు ప్రశ్నలను విడదీయడం. ట్రాఫిక్ పని కోసం మనుషులను ఉద్యోగంలో పెట్టుకునే అధికారం కౌంటీకి ఉందా అనేది ఒకటి. ఆ మనుషులు బండి ఆపితే దానికి చట్టబలం ఉందా అనేది రెండోది. మొదటిదానికి జవాబు ఉంది అనే. రెండోదానికి జవాబు, ఇప్పుడున్న ట్రాఫిక్ చట్టం మాటల ప్రకారం, లేదు అనే. ఈ పథకాలు దాదాపు అన్నీ దెబ్బతినేది మొదటి జవాబును రెండో ప్రశ్నకు కూడా వాడేసుకున్న చోటే.

రాజ్యాంగం రాసిన తీరు

కెన్యా కొత్త రాజ్యాంగం 2010 ఆగస్టు 27న అమల్లోకి వచ్చింది. దాని కింద 47 కౌంటీలు 2013 మార్చి ఎన్నికల తర్వాత పని మొదలుపెట్టాయి. ఏ పని ఎవరిదో నాలుగో షెడ్యూల్ చెబుతుంది. రెండో భాగంలో, అంటే కౌంటీల జాబితాలో, 5వ అంశం కౌంటీ రవాణా. దాని కింద కౌంటీ రోడ్లు, వీధి దీపాలు, 'ట్రాఫిక్, పార్కింగ్', ప్రజా రోడ్డు రవాణా, ఫెర్రీలు, రేవులు ఉన్నాయి. ట్రాఫిక్ అనే మాట అంత స్పష్టంగా ఉంది కదా, ఇంకేం కావాలి అనుకునేవాళ్లు అక్కడే ఆగిపోతారు.

పేజీ వెనక్కి తిప్పితే మొదటి భాగం, జాతీయ ప్రభుత్వ జాబితా కనిపిస్తుంది. అందులో 7వ అంశం పోలీసు సేవలు: నియామక ప్రమాణాలు, శిక్షణ, పోలీసులను వాడుకునే తీరు, వాటితోపాటు క్రిమినల్ చట్టం. 18వ అంశం రవాణా. దాని కింద మొట్టమొదట రాసిన మాటే 'రోడ్డు ట్రాఫిక్'. జాతీయ ట్రంక్ రోడ్లు కూడా అక్కడే ఉన్నాయి.

అంటే 'ట్రాఫిక్' కౌంటీకీ ఉంది, 'రోడ్డు ట్రాఫిక్' జాతీయ ప్రభుత్వానికీ ఉంది. ఇది రాసినవాళ్ల పొరపాటు అనిపించవచ్చు గానీ చదివితే అర్థం కుదురుతుంది. డ్రైవింగ్ లైసెన్సు, బండి రిజిస్ట్రేషన్, వేగ పరిమితి, రోడ్డు మీది నేరాలు దేశమంతా ఒకేలా ఉండాల్సినవి. ఏ వీధి వన్‌వే, ఎక్కడ పార్కింగ్, మటాటు స్టేజీ, అంటే ఆగే చోటు, ఎక్కడ, లారీలు ఏ వేళకు ఊళ్లోకి రావాలి అన్నవి ఊరి వ్యవహారాలు. రెండు మాటలూ ఎదురుపడితే ఏం చేయాలో ఆర్టికల్ 191 చెబుతుంది. కొన్ని షరతులకు లోబడి జాతీయ చట్టానిది పైచేయి. అయితే ఘర్షణ లేకుండా చదివే వీలున్నప్పుడు కోర్టు అలాగే చదవాలని 191(5) అంటుంది. ఓడిపోయిన నిబంధన రద్దు కాదు, ఎంత మేరకు పొసగదో అంత మేరకే పనిచేయకుండా పోతుంది. కౌంటీ తరఫు వకీలు ఈ చివరి ముక్కను గుర్తుంచుకోవాలి. సెక్షన్ మొత్తం పోయిందని చేతులెత్తేయనక్కర్లేదు.

పోలీసు వైపు మాత్రం గోడ గట్టిది. ఆర్టికల్ 243 ప్రకారం జాతీయ పోలీసు సర్వీసు అంటే కెన్యా పోలీసు, అడ్మినిస్ట్రేషన్ పోలీసు, ఆ రెండే. ఇంకో పోలీసు సర్వీసు పెట్టాలంటే ఆర్టికల్ 247 కింద పార్లమెంటు చట్టం చేయాలి. అలా పెట్టినదీ జాతీయ సర్వీసు పర్యవేక్షణలో, దాని అధిపతి ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆధిపత్యం కిందే ఉండాలి. కౌంటీ అసెంబ్లీకి ఆ తలుపు తెరిచే తాళం చెవి లేదు. జాతీయ భద్రత చూస్తామంటూ సైన్యాన్నో పారామిలిటరీనో పోలిన సంస్థను సొంతంగా పెట్టడాన్ని 239(4) నిషేధిస్తుంది. ట్రాఫిక్ మార్షల్స్‌కు అది నేరుగా వర్తించదనే నా అభిప్రాయం. అయినా బూట్లు, బెరెట్, భుజం మీద చుక్కలు, పరేడ్ ఫొటోలు చూపించుకుంటే అవతలి వకీలుకు మనమే ఆయుధం అందించినట్టు. తగువు మొదలయ్యేది బట్టల దగ్గరే.

గవర్నరు ట్రాఫిక్ పోలీసులకు నేరుగా ఆదేశాలు ఇవ్వలేరు. జాతీయ పోలీసు సర్వీసు చట్టం (2011) 41వ సెక్షన్ కింద ప్రతి కౌంటీలో పోలీసింగ్ అథారిటీ ఉంటుంది. గవర్నరు గానీ ఆయన నియమించిన కార్యవర్గ సభ్యుడు గానీ దానికి అధ్యక్షుడు. అక్కడ ప్రాధాన్యాలు చర్చించవచ్చు, ఏ కూడలికి ఎందరు కావాలో అడగవచ్చు. ఆజ్ఞ మాత్రం ఇన్‌స్పెక్టర్ జనరల్ వరుసలోనే వస్తుంది.

అసలు ముడి 52వ సెక్షన్

రాజ్యాంగం మీద ఎంత వాదించుకున్నా చివరికి డ్రైవరు మెడ మీద కత్తి ఎక్కడుందో చూడాలి. అది ట్రాఫిక్ చట్టం, క్యాప్ 403 (కెన్యా చట్టాల సంపుటిలో అధ్యాయం నంబరు), 52వ సెక్షన్‌లో ఉంది. డ్రైవరు రెండు పనులు చేయాలి. విధి నిర్వహణలో యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి మాటతో గానీ సైగతో గానీ ఇచ్చిన ఆదేశం పాటించాలి. ట్రాఫిక్ గుర్తు చూపినట్టు నడుచుకోవాలి. కౌంటీ అధికారి, మార్షల్, వార్డెన్ అనే మాటలు ఆ వరుసలో లేవు. చిన్న నేరాలకు నోటీసు ఇచ్చే 117వ సెక్షన్ కూడా పోలీసు చేతిలోనిదే, అక్కడికక్కడే జరిమానా కోసం 2016లో వచ్చిన నిబంధనలు ఆ పునాది మీదివే.

అందుచేత మార్షల్ చెయ్యి చూపినా ఆగని డ్రైవరు మీద 52 కింద పోలీసు ఆజ్ఞ ధిక్కరించాడని కేసు నడవదు. అదే డ్రైవరు నో ఎంట్రీ బోర్డు దాటితే నేరం పక్కా, ఎందుకంటే గుర్తును ఉల్లంఘించాడు. అప్పుడు మార్షల్ సాక్షి అవుతాడు, అంతకంటే ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఈ తేడా పట్టుకుంటే పథకం మొత్తం డిజైను మారిపోతుంది. మనిషి చేతికి లేని బలం బోర్డుకు ఉంది. కాబట్టి బోర్డులు, గీతలు, లైట్లు ముందు సరిచేయాలి, మనుషులను వాటి పక్కన నిలబెట్టాలి. చాలా ఫైళ్లు దీన్ని తలకిందులు చేస్తాయి. మనుషులను ఈ నెలలోనే చేర్చుకుంటారు, బోర్డుల టెండరు వచ్చే ఏడాదికి పోతుంది.

ఒక తెలివైన వాదన అప్పుడప్పుడు వినబడుతుంది. రోడ్డు పనుల దగ్గర పట్టుకునే స్టాప్, గో పలకను మార్షల్ చేతికిస్తే అది ట్రాఫిక్ గుర్తే కదా, డ్రైవరు దాన్ని పాటించాలి కదా అని. వాదించే వీలుంది. అయితే ఆ గుర్తు నిబంధనల్లో చెప్పిన ఆకారంలో ఉండాలి, ఆ రోడ్డుకు బాధ్యత వహించే సంస్థ పెట్టినదై ఉండాలి. కౌంటీ రోడ్డు మీద కొంత నిలవవచ్చు. కెన్హా (జాతీయ రహదారుల సంస్థ), కురా (పట్టణ రోడ్ల జాతీయ సంస్థ) చూసుకునే రోడ్ల మీద వాళ్ల లిఖిత అనుమతి లేకుండా ఆ పలకకు ఉత్త అట్టముక్కకున్న విలువే. ఊళ్లో అసలు రద్దీ ఉండేది తరచూ ఆ రోడ్ల మీదే అన్నది ఇందులో వెటకారం.

2015లో నైరోబీ కౌంటీ కొన్ని రౌండ్‌అబౌట్ల దగ్గర కుడి మలుపులు మూయడానికి రోడ్డు మీద డ్రమ్ములు పెట్టింది. అప్పటి గవర్నరు పేరుతో జనం వాటిని 'కిడేరో డ్రమ్ములు' అన్నారు. ఎగతాళిగా గుర్తుంచుకున్నారు గానీ చట్టం కోణం నుంచి చూస్తే అది తెలివితక్కువ పని కాదు. పోలీసు అధికారం లేని ప్రభుత్వం రోడ్డు ఆకారాన్ని మార్చి మాట వినిపించుకోవాలని చూసింది. డ్రమ్ముతో ఏ డ్రైవరూ వాదించడు. 2018 డిసెంబరు 3న మటాటులను నగర కేంద్రంలోకి రానివ్వకుండా ఆపిన నిర్ణయం ఇంకో రకం. ప్రజా రవాణా కౌంటీ పనే కాబట్టి విషయం వాళ్ల జాబితాలోదే. జనం మైళ్ల కొద్దీ నడవాల్సి రావడంతో వెంటనే వెనక్కి తీసుకున్నారు. అధికారం ఉన్న చోట కూడా ఏర్పాటు లేకపోతే ఫలితం అంతే.

ఒకే మాట, రెండు దేశాలు

నాలుగో షెడ్యూల్‌లోని 'ట్రాఫిక్, పార్కింగ్' అనే జంట దక్షిణాఫ్రికా రాజ్యాంగంలో కూడా ఉంది, ఐదో షెడ్యూల్ బి భాగంలో, మున్సిపాలిటీల పనుల కింద. అక్కడ మున్సిపల్ ట్రాఫిక్ ఆఫీసరు బండి ఆపుతాడు, కాగితాలు అడుగుతాడు, జరిమానా రాస్తాడు. ఇక్కడ ఎందుకు కుదరదు?

ఎందుకంటే అక్కడ పార్లమెంటు ఆ తర్వాతి మెట్టు కట్టింది. 1996 నాటి జాతీయ రోడ్డు ట్రాఫిక్ చట్టం (93వ నంబరు) 3ఎ సెక్షన్ స్థానిక సంస్థలు ట్రాఫిక్ ఆఫీసర్లను, వార్డెన్లను నియమించవచ్చంటుంది. వాళ్ల అధికారాలేమిటో ఆ చట్టమే చెబుతుంది. క్రిమినల్ ప్రొసీజర్ చట్టం (1977) 334వ సెక్షన్ కింద శాంతి అధికారులుగా ప్రకటించే వీలుంది. ఇంకా కావాలంటే దక్షిణాఫ్రికా పోలీసు సర్వీసు చట్టం కింద మున్సిపల్ పోలీసునే పెట్టుకోవచ్చు. రాజ్యాంగంలోని మాట ఒకటే, చట్టంలో సెక్షన్ ఉండటం, లేకపోవడమే తేడా. కెన్యా కౌంటీలకు ట్రాఫిక్ అధికారులు కావాలని నిజంగా కోరేవాళ్లు పట్టుబట్టాల్సింది 52వ సెక్షన్‌లో నాలుగు మాటలు చేర్చమని. రాజ్యాంగ సవరణ అక్కర్లేదు.

ఇంగ్లండ్ మూడో దారి పట్టింది. అక్కడ పార్కింగ్ తప్పులను 1991 చట్టంతో మొదలుపెట్టి నేరాల జాబితా నుంచి సివిల్ జరిమానాల వైపు మళ్లించారు. 2004 ట్రాఫిక్ మేనేజ్‌మెంట్ చట్టం కింద స్థానిక కౌన్సిళ్ల మనుషులే ఆ నోటీసులు అంటిస్తారు. పోలీసు అవసరం తగ్గించాలంటే పోలీసుతో పోటీ పడక్కర్లేదు, తప్పునే నేరం కాకుండా చేస్తే సరిపోతుందని వాళ్లు తేల్చుకున్నారు. కెన్యా కౌంటీలకు నేనైతే ముందు ఈ దారే చూపిస్తాను.

మన దగ్గర లెక్క ఇంకా బిగువు. మోటారు వాహనాల చట్టం 1988, 119వ సెక్షన్ ట్రాఫిక్ నియంత్రణలో ఉన్న పోలీసు అధికారి ఆదేశాలు పాటించమంటుంది. రాజ్యాంగం పన్నెండో షెడ్యూల్‌లో మున్సిపాలిటీలకు 18 అంశాలున్నాయి. వాటిలో రోడ్లు, వంతెనలు ఉన్నాయి, పార్కింగ్ స్థలాలు, బస్‌స్టాపులు, వీధి దీపాలు ఉన్నాయి, ట్రాఫిక్ అనే మాట లేదు. 2024 డిసెంబరులో హైదరాబాద్‌లో ట్రాఫిక్ అసిస్టెంట్లుగా చేరిన 39 మంది ట్రాన్స్‌జెండర్లు కార్పొరేషన్ ద్వారా రాలేదు, పోలీసు శాఖ ద్వారా వచ్చారు. కూడలిలో నిలబడే మనిషి ఏ శాఖ కాగితం పట్టుకుని నిలబడ్డాడన్నదే ఇక్కడా ముఖ్యం.

ఉద్యోగాల ఫైలు ఎలా నడవాలి

నియామకం వైపు కౌంటీకి ఆర్టికల్ 235 గట్టి పునాది. పదవులు సృష్టించడం, మనుషులను నియమించడం, క్రమశిక్షణ చూడటం కౌంటీ పనే, పార్లమెంటు పెట్టిన ఏకరూప ప్రమాణాలకు లోబడి. ఆ ప్రమాణాలు కౌంటీ ప్రభుత్వాల చట్టం 2012లో ఉన్నాయి. కౌంటీ పబ్లిక్ సర్వీస్ బోర్డు దీనికి ఇరుసు. గవర్నరు కార్యాలయం నుంచి నేరుగా వచ్చిన జాబితాతో మనుషులను చేర్చుకుంటే, పథకం ఎంత మంచిదైనా అక్కడే చచ్చింది.

కొత్త పదవికి ఆ చట్టం 60వ సెక్షన్‌లో కొలమానాలున్నాయి. వాటిలో ఒకటి చాలామంది కళ్లు దాటిపోతుంది: ఆ పని చేయగల పదవి కౌంటీలో ఇప్పటికే ఉంటే ఇంకోటి సృష్టించకూడదు. కౌంటీలన్నింటికీ ఇన్‌స్పెక్టరేట్ ఉంది, పాత మున్సిపల్ అస్కారీల, అంటే కాపలా సిబ్బంది, వారసత్వం. నైరోబీలో జనం వాళ్లను 'కాంజో' అంటారు, పాత కౌన్సిల్ అనే మాట నలిగి అలా అయింది. మన తోపుడుబండ్ల వాళ్లు 'మున్సిపాల్టీ వాళ్లొచ్చారు' అని కేకేసి సరుకు మూటగట్టినట్టే అక్కడ కాంజో అనగానే పరుగులు. అస్కారీలు ఉండగా మార్షల్స్ ఎందుకు అన్న ప్రశ్నకు ఫైల్లో రాతపూర్వక జవాబు ఉండాలి. పని స్వభావం వేరు, శిక్షణ వేరు, పని వేళలు వేరు అని విడివిడిగా చూపాలి. 'రద్దీ పెరిగినందున' అన్న ఒక్క వాక్యంతో పంపితే ఆడిట్‌లో తిరిగొస్తుంది.

సంఖ్య ఎలా తేల్చాలో ఒక లెక్క చూద్దాం. ఎనిమిది కూడళ్లున్న మధ్యతరహా ఊరు అనుకోండి, ఉదాహరణకే. కూడలికి ఇద్దరు, రోజుకు రెండు షిఫ్టులు. ఏ రోజైనా రోడ్డు మీద ఉండాల్సినవాళ్లు 32 మంది. ఇంతమందినే అడిగితే మూడో వారానికి సగం కూడళ్లు ఖాళీ. ఉపాధి చట్టం 2007 ప్రకారం ఏడు రోజుల్లో ఒక రోజు సెలవు తప్పనిసరి, ఏడాదికి కనీసం 21 పనిదినాల వార్షిక సెలవు. 365 లోంచి 52 తీస్తే 313, ఇంకో 21 తీస్తే 292. అనారోగ్యం, శిక్షణ కలిపి పన్నెండు రోజులు తీస్తే 280. 365ను 280తో భాగిస్తే 1.3. 32ను 1.3తో హెచ్చిస్తే దాదాపు 42. షిఫ్టుకు ఇద్దరు సూపర్‌వైజర్ల చొప్పున నలుగురు, అదే గుణకంతో ఆరుగురు. మొత్తం 48. అసెంబ్లీకి వెళ్లే ప్రతిపాదనలో ఈ 48 ఎలా వచ్చిందో గుణకంతో సహా రాయాలి. రాయకపోతే '50కి సర్దేద్దాం' అనో '30 చాలు' అనో బేరం మొదలవుతుంది.

డబ్బు దగ్గర ఒక గీత ఉంది. కౌంటీల ప్రజా ఆర్థిక నిర్వహణ నిబంధనలు 2015, 25వ నిబంధన ప్రకారం జీతాలు, భత్యాల ఖర్చు మొత్తం ఆదాయంలో 35 శాతం దాటకూడదు. ఇప్పటికే దాటిన కౌంటీ కొత్తగా 48 పదవులు అడిగితే అడ్డంగా దొరుకుతుంది. ఆ గీత తప్పించుకోవడానికి వేసే ఎత్తు, మనుషులను రోజుకూలీ కింద తీసుకుని ఖర్చును సుందరీకరణ పద్దులో రాయడం. ఇది తప్పక బెడిసికొట్టే ఎత్తు. ఉపాధి చట్టం 37వ సెక్షన్ ప్రకారం కూలీగా చేర్చుకున్న మనిషి నిరంతరంగా చేసిన పనిదినాలు కలిపి నెలకు తక్కువ కాకపోతే, లేదా ఆ పని మొత్తం మూడు నెలల్లోపు తేలేది కాకపోతే, ఆ కొలువు టర్మ్ కాంట్రాక్టుగా మారుతుంది. కూడలిలో ట్రాఫిక్ పని మూడు నెలల్లో తేలేదేమీ కాదు కదా. అప్పుడు నోటీసు, సెలవులు, బకాయిలు అన్నీ మీద పడతాయి, పైగా పద్దు మార్చి రాసినందుకు ఆడిట్ అభ్యంతరం.

ప్రకటన ఇచ్చేటప్పుడు 65వ సెక్షన్ మరవకూడదు. ప్రవేశ స్థాయి ఖాళీల్లో కనీసం 30 శాతం ఆ కౌంటీలో ఆధిపత్యం లేని సముదాయాల వాళ్లకు పోవాలి. 48 మందిలో 42 ప్రవేశ స్థాయివి అనుకుంటే 12.6, అంటే 13 పోస్టులు. 12తో సరిపెడితే నిబంధన తప్పినట్టే. జీతాల వరుసకు జీతభత్యాల కమిషన్ సలహా తీసుకుని, ఆ ఉత్తరం ఫైల్లో పెట్టాలి.

కౌంటీ చట్టంలో ఏం రాయాలి, ఏం రాయకూడదు

ఉద్యోగాలు పుట్టాయి. ఇక వాళ్లకు పని చెప్పే చట్టం కావాలి. పాత స్థానిక ప్రభుత్వ చట్టం, క్యాప్ 265, తొలి కౌంటీ ఎన్నికలతో రద్దయింది. దాని కింది బైలాస్ మీద బతుకుతున్న కౌంటీ ముందు సొంత చట్టం చేసుకోవాలి. ఆర్టికల్ 185 కింద అసెంబ్లీకి ఆ శక్తి ఉంది. 196 కింద ప్రజల భాగస్వామ్యం చూపించాలి. అంటే హాజరు పట్టిక, వచ్చిన అభ్యంతరాలు, వాటికిచ్చిన జవాబులు ఉండాలి. మటాటు సాకోలు (యజమానుల సహకార సంఘాలు), బోడా బోడా (మోటారు సైకిల్ ట్యాక్సీ) సంఘాలు పిలిచినా రాకపోతే పిలిచిన ఉత్తరాలైనా ఉండాలి. చట్టం గెజెట్‌లో అచ్చయ్యేదాకా అమల్లోకి రాదు. ఆమోదం వచ్చిన మర్నాడే క్లాంపులు, అంటే చక్రాలకు వేసే తాళాలు, బిగించిన చోట ఆ రోజుల రశీదులన్నీ చెల్లనివవుతాయి.

రాయదగినవి: పార్కింగ్ నియంత్రణ, క్లాంపు, టోయింగ్, స్టేజీల క్రమం, సరుకు దించే వేళలు, స్కూలు దగ్గర పిల్లలను దాటించడం, సిగ్నల్ పాడైతే పోలీసుకు కబురు, ప్రమాదం జరిగితే పోలీసు వచ్చేదాకా చోటును కాపాడటం. పార్కింగ్ రుసుము 209(4) కింద ఇచ్చిన సేవకు తీసుకునే ఛార్జీ, కౌంటీ ఆదాయ నిధికి పోతుంది. ట్రాఫిక్ చట్టం కింది జరిమానా కౌంటీది కాదు. కొత్త మార్షల్స్ జరిమానాలతోనే వాళ్ల జీతాలు వచ్చేస్తాయని బడ్జెట్ నోట్‌లో రాసేవాళ్లు ఈ వాక్యం రెండుసార్లు చదవాలి.

రాయకూడనివి: కదులుతున్న బండిని ఆపడం, డ్రైవింగ్ లైసెన్సు చూపించమనడం, తాళాలు లాక్కోవడం, డ్రైవరును సీట్లోంచి దింపి తాను ఎక్కడం. చివరిది ఎంత చెప్పినా ఆగదు. తాళాలు లాక్కున్న క్షణం నుంచి ఆ బండి బాధ్యత కౌంటీదైపోతుంది. టోయింగ్‌లో బంపరు ఊడితే, లోపల ల్యాప్‌టాప్ పోయిందంటే, జవాబు చెప్పాల్సింది మార్షల్ యజమానే. ఆస్తి హక్కు ఆర్టికల్ 40, న్యాయమైన పాలనా చర్య ఆర్టికల్ 47. క్లాంపు వేసిన కారణం, సమయం, విడిపించుకునే రుసుము, ఎవరికి అప్పీలు చేయాలో రాసిన చీటీ అద్దానికి అంటించకపోతే 47 కింద కౌంటీ దగ్గర చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. బండి పైకెత్తే ముందు నాలుగు వైపులా నాలుగు ఫొటోలు, డాష్‌బోర్డు మీటర్ల దగ్గర ఒకటి. రెండు నిమిషాల పని అది, దాంతో ఎన్నో దావాలు తప్పుతాయి.

అరెస్టు మాట వస్తే, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, క్యాప్ 75లో 34, 35 సెక్షన్లు ఏ ప్రైవేటు మనిషికైనా కొంత అధికారం ఇస్తాయి. కళ్ల ముందు కాగ్నిజబుల్ నేరం, అంటే వారెంటు లేకుండా పోలీసు అరెస్టు చేయగల నేరం, జరిగితే పట్టుకుని ఆలస్యం లేకుండా పోలీసుకు అప్పగించవచ్చు. మార్షల్‌కు ఉన్నదీ అంతే, రోడ్డున పోయే ఇంకొకరికి ఉన్నదీ అంతే. పట్టుకున్నవాణ్ని కౌంటీ వ్యానులో ఊరంతా తిప్పి సాయంత్రం అప్పగిస్తే అది అక్రమ నిర్బంధం. ఇక కౌంటీ చట్టం కింది కేసులు కోర్టులో నడపాలంటే ప్రాసిక్యూషన్ డైరెక్టర్ నుంచి అధికారం పొంది గెజెట్ అయిన కౌంటీ ప్రాసిక్యూటర్ ఉండాలి. ఆ గెజెట్ నంబరు లేకుండా వేసిన చార్జిషీటు మొదటి వాయిదాలోనే పడిపోతుంది.

జాతీయ ప్రభుత్వంతో ఒప్పందం దారి కూడా ఉంది. ఆర్టికల్ 187 కింద పనులు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు బదిలీ చేసుకోవచ్చు, రాజ్యాంగ బాధ్యత మాత్రం మొదట ఎవరికి ఉందో వాళ్ల దగ్గరే ఉంటుంది. 2020 ఫిబ్రవరి 25న నైరోబీ తన రవాణా సహా కొన్ని పనులను పత్రం రాసి జాతీయ ప్రభుత్వానికి అప్పగించింది కూడా దీని కిందే. అది కౌంటీ నుంచి పైకి పోయిన బదిలీ. ట్రాఫిక్ మార్షల్స్‌కు కావాల్సింది దీనికి ఎదురు దిశ. అయితే పని బదిలీ అయినంత మాత్రాన 52వ సెక్షన్‌లో 'పోలీసు అధికారి' అన్న మాట మారదు. దాని మీద ఆశ పెట్టుకుని నెలలు పోగొట్టుకోవడం కంటే స్థానిక పోలీసు కమాండరుతో కలిసి పనిచేసే రాతపూర్వక ఏర్పాటు చేసుకోవడం మేలు. కూడలికి ఒక పోలీసు, ఇద్దరు మార్షల్స్. ఆజ్ఞ పోలీసుది. కోన్లు, పాదచారులు, రద్దీ తోక ఎక్కడిదాకా వచ్చిందో రేడియోలో చెప్పడం మార్షల్స్ పని.

కూడలిలో నిలబడేవాడి జేబులో

శిక్షణ ఎన్ని రోజులిచ్చినా రోడ్డు మీద గుర్తుండేది జేబులో పట్టే కార్డు. స్వాహిలిలోనూ ఇంగ్లిషులోనూ అచ్చు వేయించాల్సిన ఆ కార్డు సారాంశం తెలుగులో ఇలా ఉంటుంది:

'నేను పోలీసును కాను. అడిగితే వెంటనే అలాగే చెబుతాను. దారి చూపిస్తాను, బండికి అడ్డం నిలబడను. లైసెన్సు అడగను, తాళం ముట్టను, డబ్బు తీసుకోను. డ్రైవరు మాట వినకపోతే నంబరు ప్లేటు, సమయం, చోటు, ఏ గుర్తు దాటాడో పుస్తకంలో రాస్తాను, పోలీసుకు చెబుతాను.'

'బండికి అడ్డం నిలబడను' అన్న ముక్క మర్యాద కోసం పెట్టింది కాదు. అధికారం లేని చేతితో బండిని ఆపబోయి దెబ్బ తగిలించుకున్న మార్షల్ విషయంలో పని ప్రమాదాల పరిహార చట్టం 2007 కింద కౌంటీ బాధ్యత తప్పదు, బీమా సంస్థ మాత్రం విధుల జాబితా అడుగుతుంది. జాబితాలో లేని పని చేస్తూ గాయపడ్డాడంటే వాదన అక్కడ మొదలవుతుంది. ఇంకో ప్రమాదం, మార్షల్ రమ్మని సైగ చేస్తే వచ్చిన కారును పక్క నుంచి వచ్చిన లారీ గుద్దడం. డ్రైవరు 'ఆయన రమ్మంటేనే వచ్చాను' అంటాడు. ఆ సైగకు చట్టబలం లేదు కాబట్టి డ్రైవరు తన జాగ్రత్త తాను చూసుకోవాల్సిందే, కానీ జాకెట్ తొడిగి నిలబెట్టిన యజమాని కూడా అజాగ్రత్త దావాలో పక్కనే నిలబడాలి. అందుకే మూడో వ్యక్తుల నష్టానికి విడిగా ప్రజా బాధ్యత బీమా తీసుకుని, మార్షల్స్ మొదటిసారి రోడ్డెక్కే తేదీకి ముందే అమల్లో ఉండేలా చూడాలి.

జాకెట్ రంగు పోలీసు రంగుకు దూరంగా ఉండాలి, వీపు మీద 'కౌంటీ ట్రాఫిక్ సహాయకుడు' అని పెద్ద అక్షరాలతో ఉండాలి, 'ఆఫీసర్' అన్న మాట ఎక్కడా ఉండకూడదు. పుస్తకం నంబర్లు వేసిన పేజీలతో, కార్బన్ కాపీతో ఉండాలి. పేజీ చింపితే తెలియాలి. రోజూ షిఫ్టు ముగిశాక సూపర్‌వైజరు చివరి పంక్తి కింద గీత గీసి, సంతకం పెట్టి, సమయం వేయాలి. నో ఎంట్రీ దాటిన మటాటు కేసు ఆరు నెలల తర్వాత కోర్టుకు వస్తే, మేజిస్ట్రేటు ముందు నిలబడి చూపించడానికి మార్షల్ దగ్గర ఉండేది ఆ కార్బన్ కాగితమే.